కళింగ నామము: దేశదేశాల ప్రయాణము



శ్రీకాకుళం జిల్లాలో వంశధార సముద్రమును చేరుచోట కళింగపట్నమను గ్రామము కలదు. మనము నిత్యము దాఖలాలలో వ్రాయు ఇట్టి ఊరిపేరులో ఒక ప్రాచీన దేశమే నిలిచియున్నది. ఉత్తరాంధ్ర తీరమునుండి నేటి ఒడిశావరకు వ్యాపించిన ఆ కళింగమునకు తూర్పు గాంగుల కాలమున రాజధాని కళింగనగరము. అది నేటి ముఖలింగమని పలువురు చరిత్రకారుల నిర్ణయము.

బలిభార్య సుదేష్ణకు కలిగిన కళింగునివలన ఆ పేరు వచ్చెనని మహాభారతము చెప్పును. దేశమునకొక మూలపురుషుని కల్పించుట పూర్వుల అలవాటని మేము తలంతుము. క్రీ.పూ. 3వ శతాబ్దినాటి అశోకుని 13వ శిలాశాసనములో ఈ నామము స్పష్టముగా కలదు. ఆ యుద్ధమున లక్షమంది హతులైరనియు, లక్షా యాభైవేలమంది చెరపట్టబడిరనియు అందు వ్రాసియున్నది.

ప్రాచీన తమిళమున ‘కలింగ’మనగా వస్త్రము! దేశము పేరే బట్టకు పేరాయెనని పండితులు చెప్పుదురు. అచటి సాలెవారి పనితనమునకు ఇంతకన్న యోగ్యతాపత్ర మేమి కావలెను?

ఓడలెక్కి ఈ పేరు మలయా చేరి ‘కెలింగ్’ ఆయెను. దక్షిణభారతమునుండి వచ్చినవారినెల్ల మలయావారు అట్లే పిలిచిరి. పినాంగులో 19వ శతాబ్ది ఆరంభమున వెలసిన కపితాన్ కెలింగ్ మసీదు పేరునకు అర్థము కెలింగుల నాయకుని మసీదనియే. అప్పుడందు నింద లేదు. పిదప తోటపనులకు తమిళులతోపాటు మన ఉత్తరాంధ్రులును కూలీలుగా వెళ్లిరి. క్రమముగా ఆ పిలుపులో చులకన చేరెను. నేడు మలేషియాలో భారతసంతతివారు ఆ మాటను తిట్టుగానే ఎంచుచున్నారు. వారిలో కళింగసీమనుండి వెళ్లిన తెలుగుకూలీల మనుమలును కలరు.