అరికమేడు గోడలు చెప్పే సాక్ష్యం



పుదుచ్చేరి పట్టణానికి దక్షిణంగా నాలుగు కిలోమీటర్ల దూరంలో, అరియాంకుప్పం ఏటి ఒడ్డున అరికమేడు అనే దిబ్బ ఉంది. చూడటానికి వెళ్లినవారికి మొదట కనిపించేది చెట్ల మధ్య నిలిచిన పాత గోడల శిథిలం. చాలామంది దాన్నే రోమన్ల కాలపు కట్టడం అనుకుని ఫోటో తీసుకుని వస్తారు. నిజానికి అది 18వ శతాబ్దంలో ఫ్రెంచి క్రైస్తవ మిషన్ వారు కట్టుకున్న విద్యాలయం మిగులు. రెండు వేల ఏళ్లనాటి గోడలు మట్టి కిందే ఉన్నాయి. తవ్విన గుంటలను తిరిగి పూడ్చివేశారు. కనిపించే గోడ కొత్తది, కనిపించని గోడ పాతది. ఈ తేడాను ఎలా తెలుసుకుంటారు? ఈనాటి మన పాఠం అదే.

ముందుగా ఈ స్థలం ఎలా వెలుగులోకి వచ్చిందో చూద్దాం. 1769లో శుక్రగ్రహం సూర్యుడికి అడ్డంగా పోవడాన్ని చూడాలని లె జెంటీ అనే ఫ్రెంచి ఖగోళ శాస్త్రవేత్త పుదుచ్చేరిలో కాచుకుని ఉన్నాడు. తీరా ఆ సమయానికి మబ్బు పట్టింది. పాపం, ఆయనకు శుక్రుడు కనపడలేదు కానీ, వీరాంపట్నం దగ్గరి పాత ఇటుక కట్టడాల విషయం మాత్రం ఆయన రాతల్లో మిగిలింది. ఆ తరువాత 1930లలో జూవో దూబ్రేయి అనే ఫ్రెంచి పండితుడు ఇక్కడ దొరికే పూసలను, చెక్కిన రాళ్లను సేకరించాడు. 1945లో భారత పురావస్తు శాఖ డైరెక్టర్ జనరల్ మార్టిమర్ వీలర్ పద్ధతి ప్రకారం తవ్వకం జరిపాడు. అప్పటికి పుదుచ్చేరి ఫ్రెంచివారి పాలనలో ఉంది. వీలర్ తరువాత కజాల్, 1989-92 మధ్య విమలా బెగ్లీ బృందం మద్రాసు విశ్వవిద్యాలయంతో కలిసి ఇక్కడ పనిచేశారు.

గోడను ఎలా తవ్వుతారు?

గోడ కనిపించగానే దాని వెంబడే తవ్వుకుంటూ పోతే ఏమవుతుంది? గోడ బయటపడుతుంది, దాని వయసు మాత్రం పోతుంది. ఎందుకంటే గోడ వయసు గోడలో ఉండదు, దాన్ని ఆనుకున్న మట్టిలో ఉంటుంది. అందుకే వీలర్ నేలను చదరపు గళ్లుగా విభజించి, గడికీ గడికీ మధ్య తవ్వకుండా ఒక మట్టి గట్టు వదిలేవాడు. ఆ గట్టు పక్కవాటులో మట్టి పొరలు ఒకదానిపై ఒకటి స్పష్టంగా కనిపిస్తాయి.

గోడ కట్టాలంటే ముందు పునాది గాడి తీస్తారు కదా. ఆ గాడిని పూడ్చిన మట్టిలో ఒక కుండపెంకు దొరికిందనుకోండి. ఆ పెంకు తయారైన తరువాతనే గోడ కట్టారని అర్థం. అంతకు ముందు కట్టి ఉండటానికి వీలు లేదు. అరికమేడులో ఇటలీలోని అరెజ్జోకు చెందిన నునుపైన ఎర్ర పాత్రల ముక్కలు, రెండు చెవుల యాంఫొరా జాడీల ముక్కలు దొరికాయి. ఇటలీలో ఆ ఎర్ర పాత్రల కాలం ముందే తెలుసు కనుక, వాటితో కలిసి దొరికిన మన దేశపు కుండలకూ కాలం నిర్ణయించడానికి దారి దొరికింది. పళ్లచక్రంతో గీతలు నొక్కిన పళ్లాలు అమరావతిలోనూ, శాలిహుండంలోనూ దొరికాయి. అందువల్ల అరికమేడు పాఠం మన ఆంధ్ర తీరానికీ అవసరమైనదే.

లేని గోడ కూడా సాక్ష్యమే

అరికమేడు ఇసుక, ఒండ్రు నేల. రాయి దగ్గర్లో లేదు. కాల్చిన ఇటుకే విలువైన వస్తువు. కాబట్టి తరువాతి కాలాలవారు ఆ ఇటుకలను పెకలించి తీసుకుపోయారు. ఇటుక పోయినచోట గాడి మిగిలి, అందులో వదులు మట్టి నిండింది. చుట్టూ ఉన్న గట్టి పొరలతో పోలిస్తే ఆ మట్టి రంగు, బిగువు వేరుగా ఉంటాయి. నేర్పుగల తవ్వకందారు ఆ గాడి వెంబడి చూసి ‘ఇక్కడ గోడ ఉండేది’ అని పటం గీస్తాడు. నేర్పు లేనివాడు దాన్ని మామూలు మట్టిగా తవ్వి పారబోస్తాడు. ఒకసారి పారబోసిన దాన్ని తిరిగి అక్కడే పెట్టలేం.

ఈ గది దేనికి?

గోడ వయసు తెలిసింది. మరి దాని పని ఏమిటి? ఇది ఇంకా కష్టమైన ప్రశ్న. జోర్డాన్ దేశంలో పెట్రా రాజధానిగా నబాతీయులనే అరబ్బు వర్తకులు రాజ్యమేలారు. వారి ప్రాంతంలోని వాదీ రమ్‌లో ఆలయం సమీపంలో రాతి గోడల స్నానశాల బయటపడింది. అటువంటి కట్టడం స్నానశాలేనని ఎలా తెలుస్తుంది? నేల కింద చిన్న స్తంభాలు, వాటి మధ్య వేడిగాలి పారే ఖాళీ, పొయ్యి దగ్గర మసి, నీరు ఇంకని సున్నపు పూత, నీరు పోయే తూము. ఇవన్నీ కలిస్తేనే స్నానశాల. ఒక్క తొట్టిని చూసి నిర్ణయించకూడదు.

అరికమేడు దక్షిణ భాగంలోనూ ఇటుక తొట్లు, కాలువలు దొరికాయి. కానీ పైన చెప్పిన వేడినేల లక్షణాలు లేవు. వీలర్ వాటిని బట్టలకు రంగు వేసే తొట్లు కావచ్చన్నాడు. ఉత్తర భాగంలో సుమారు 45 మీటర్ల పొడవున్న కట్టడాన్ని గిడ్డంగి అన్నాడు. తరువాతివారు ఈ అభిప్రాయాలను ప్రశ్నించారు. క్రీస్తుశకం ఆరంభంలో ఊరు ఏర్పడిందని వీలర్ అనుకుంటే, క్రీ.పూ. 2వ శతాబ్దికే, బహుశా అంతకు ముందే, ఇక్కడ జనం ఉన్నారని బెగ్లీ తవ్వకాలు చూపాయి. అంటే రోమన్లు వచ్చి ఊరు కట్టలేదు. ఉన్న ఊరికే వారి సరుకు వచ్చింది.

ఇక్కడ ఒక ముచ్చట. క్రీ.శ. మొదటి శతాబ్దంలో ఒక గ్రీకు నావికుడు రాసిన ‘పెరిప్లస్’ గ్రంథంలో నబాతీయుల పెట్రా పేరూ ఉంది, మన తూర్పు తీరంలోని పొదుకే రేవు పేరూ ఉంది. ఆ పొదుకేయే అరికమేడు అని పండితుల అభిప్రాయం. అక్కడి రాతి గోడ, ఇక్కడి ఇటుక గోడ ఒకే వర్తక మార్గానికి రెండు కొనలు.

ఇంతవరకు తెలుసుకున్నది

గోడ వయసును దాని చుట్టూ ఉన్న మట్టి చెబుతుంది. గోడ పనిని ఒక్క ఆనవాలు కాదు, అనేక ఆనవాళ్లు కలిసి చెబుతాయి. పండితుడి మాట కూడా సాక్ష్యం దొరికినప్పుడు మారుతుంది. మీరు అరికమేడు వెళితే, నేలమీద పూసో పెంకో కనిపిస్తే జేబులో వేసుకోకండి. మీ చేతిలో అది అందమైన వస్తువు మాత్రమే, మట్టిలో ఉన్నచోట అది సాక్షి. దొరికిన వస్తువులను పుదుచ్చేరి మ్యూజియంలో చూడవచ్చు.

మీకొక అభ్యాసం. మీ ఊళ్లో పాత గోడ ఒకదాన్ని ఎంచుకోండి. ముట్టుకోకుండా, తవ్వకుండా, దాని వయసుకు, పనికి ఎన్ని ఆనవాళ్లు చూపగలరో రాయండి. ఒక్కో ఆనవాలు పక్కన ‘దీనికి మరో అర్థం ఉండవచ్చా?’ అని కూడా రాయండి.