వెంటిలేటరు మీది రోగికి మన మాట
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పండుగపూట ఆసుపత్రి మాటలేమిటని కొందరికి తోచవచ్చును. నేను మెట్రిక్యులేషను చదివిన రైల్వే గుమాస్తాను, వైద్యుడను కాను. అయినా ఈ ఊళ్లో కాపురమున్న మనము తెలుసుకోవలసిన సంగతి గనుక, చదివినంతవరకు మనవి చేస్తాను.

జ్వరం తలకెక్కి మనిషి లేనివి చూస్తూ, రానివారిని పిలుస్తూ, పక్కగుడ్డలు పీకుతూ వుంటే మన పెద్దలు "సంధి పుట్టింది" అనేవారు. డాక్టర్లు దానినే డెలీరియం అంటారు. ఐ.సి.యు.లో వెంటిలేటరు మీద వున్నవారికి ఇది మరీ తరచు. అమెరికాలో డాక్టరు వెస్లీ ఈలీ బృందము 2004లో ప్రకటించిన లెక్క చూడండి: వెంటిలేటరు మీద వుండి కోమా నుంచి తేరిన 224 మందిలో 183 మందికి సంధి వచ్చినది. వచ్చినవారిలో ఆరు నెలలలోగా నూటికి 34 మంది, రానివారిలో నూటికి 15 మంది మరణించారు. సంధి ఎక్కువ రోజులున్నవారికి తరువాత జ్ఞాపకము, ఆలోచన ఎక్కువగా దెబ్బతింటున్నవని 2013లో మరొక పరిశోధనలో తేలినది.

ఇది పిచ్చి కాదు, గాలి సోకుడు కాదు. వొంట్లోని చీము విషము, ప్రాణవాయువు తగ్గుట, కొన్ని మత్తుమందులు, నిద్ర లేకపోవుట, రాత్రింబగళ్లు ఆరని దీపాలు, ఆగని గంటలు — ఇవన్నీ కలిసి మెదడును తికమక పెడతవి. అందరూ గింజుకోరు. కొందరు కిక్కురుమనకుండా శూన్యంలోకి చూస్తూ పడివుంటారు. "నెమ్మదిగా వున్నాడు" అని మనము సంతోషిస్తాము. అదీ సంధియే కావచ్చును.

ఇక మన భాష సంగతి. గంజాం జిల్లా 1936 ఏప్రిల్ 1 దాకా మద్రాసు ప్రెసిడెన్సీలోనిది. అందుచేత బరంపురం ఆసుపత్రులలో తెలుగు వచ్చినవారు దొరుకుతారు. కాని రాత్రి డ్యూటీలో ఎవరుంటారో చెప్పలేము. కటకమో భువనేశ్వరమో తీసుకుపోతే అసలే చెప్పలేము. గొట్టము స్వరతంత్రుల నడుమ నుంచి పోతుంది గనుక రోగికి గొంతు రాదు. సంధి కనిపెట్టే పరీక్షలో నర్సు అక్షరాలు చదువుతూ, ఫలానా అక్షరం వినబడితే చేయి నొక్కమంటుంది. "రాయి నీటిమీద తేలుతుందా? సముద్రంలో చేపలుంటాయా?" అని అడుగుతుంది, తల వూపితే చాలును. ఇచ్ఛాపురం అవతల పల్లె నుంచి కొడుకింటికి వచ్చిన ముసలమ్మను వొడియాలో అడిగితే ఏమి వూపగలదు? చెడినది బుద్ధియా, తెలియనిది భాషయా అని నర్సు ఎట్లా పోల్చుకోగలదు?

మా బంధువులలో రిటైరయిన గార్డుగారొకరు, మంచము బ్రేకువాను అనుకొని, సిగ్నలు లేకుండా బండి పోతున్నదని చేయి ఎత్తబోయేవారు. గొట్టము పీకుతున్నాడని చేతులు కట్టారు. కొడుకు వచ్చి, "ఇది బండి కాదు నాన్నా, ఆసుపత్రి. గొట్టం వున్నందున గొంతు రావడం లేదు. తీశాక వస్తుంది. నేనిక్కడే వున్నాను" అని పదేపదే చెప్పగా ఆ చేయి సడలినది.

గనుక చేర్చిన రోజునే, "మా మనిషికి తెలుగే వచ్చును, కళ్లజోడు కావాలి, చెవిమిషను కావాలి" అని చెప్పండి. నొప్పి, దాహం, ఆయాసం, భయం అనే మాటలు పెద్ద అక్షరాలతో తెలుగున, కింద వొడియాలో రాసి ఇవ్వండి. చదువురానివారికి బొమ్మలు గీయండి. లోపలికి రానిచ్చినప్పుడు ఊరు, వారము, తిథి చెప్పండి. ఆయనకు కనబడినదానిని గురించి వాదించకండి, ఔననీ అనకండి. నిద్ర ఇంజక్షనుకు పట్టుపట్టకండి. హాలోపెరిడాల్ వంటి మందులు ఉత్తుత్తి మందుకన్న ఈ సంధిని తగ్గించలేదని 2018లో తేలినది. "మత్తు తగ్గించ వీలున్నదా? కాళ్లు చేతులు కదిలించవచ్చునా?" అని మర్యాదగా డాక్టరును అడగండి.

ఇంటికి వచ్చాక ఆయన చెప్పే భయంకరమైన కలలకు నవ్వకండి. ఆయనకవి జరిగినవే.

నూతన సంవత్సరము మీ అందరికీ ఆయురారోగ్యములు ఇచ్చుగాక. సెలవు.