కృత్తిక ఉపవాసం, షుగరు మాత్ర

1960 దాకా తిరుత్తణి చిత్తూరు జిల్లాలోదే. నేటికీ ఇక్కడా, తిరువళ్ళూరు చుట్టుపక్కల పల్లెల్లోనూ ఎన్నో ఇళ్ళల్లో మాట తెలుగే, మొక్కు మురుగనికే. ఆడికృత్తిక వచ్చిందంటే కావడి, ఉపవాసం, కొండకు 365 మెట్లు. భర్తకో భార్యకో షుగరు ఉంటే ఆ రోజు రెండోవాళ్ళు పక్కనే కనిపెట్టుకుని ఉండాలి.

గ్లిమిపిరైడ్ లాంటి మాత్ర వేసుకునో, ఇన్సులిన్ తీసుకునో, ఏమీ తినకుండా మెట్లెక్కితే రక్తంలో చక్కెర బాగా పడిపోవచ్చు. ఒట్టి మెట్‌ఫార్మిన్‌తో ఆ భయం తక్కువ. చెమటలు, చేతుల వణుకు, తడబడే మాట, ఉన్నట్టుండి చిరాకు చక్కెర పడిపోయిందనడానికి గుర్తులు. ఆ చిరాకును కోపమనుకుని మాటకు మాట అనకండి. షుగరు మీటరు 70 కన్నా తక్కువ చూపినా, చేతిలో మీటరే లేకపోయినా, మూడు టీ చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగించండి. పావుగంటకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. స్పృహ తప్పితే మాత్రం నోట్లో ఏమీ పోయొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఉపవాసం ఉండాలనుకుంటే మందు సంగతి ముందే డాక్టరునడగాలి. మాత్ర మానడం, సగం చేయడం ఇంట్లో తేల్చే విషయం కాదు.

ఇక రోజూ తినే తిండి సంగతి. రాగిసంకటి మంచిదే, కానీ అదీ పిండిపదార్థమే. ముద్ద తగ్గించి కూర పెంచండి. మీరూ అదే తినండి. వేరే వంట చేసి పెడితే తినేవాళ్ళకు అది శిక్షలా తోస్తుంది. 2021లో తమిళనాడు ప్రభుత్వం మొదలుపెట్టిన మక్కళై తేడి మరుత్తువం పథకం కింద షుగరు మాత్రలు ఇంటికే తెచ్చిస్తారు. మాత్రలు తెచ్చే కార్యకర్త వచ్చినప్పుడు దంపతులిద్దరూ కూర్చుని మాట్లాడండి, ఏ మాత్ర ఏ వేళకో అడిగి రాసుకోండి.