ఇంటి చదువు – పెద్దల సహనం

(ట్రస్టు ఉపకార వేతనాల పంపిణీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



మంచి మార్కులు తెచ్చుకున్న పిల్లలను అభినందించడం మనందరి ధర్మం. నేను మాత్రం వారి వెనుక కూర్చున్న తల్లిదండ్రులతో రెండు మాటలు చెప్పాలని వచ్చాను. పిల్లలకు ఇంట్లో పాఠం చెప్పేటప్పుడు మనకు కలిగే కోపం, ఆందోళన గురించి ఆ రెండు మాటలు.

2020 మార్చిలో బడులు మూతపడ్డాయి. మన రాష్ట్రంలో ఒకటి నుంచి ఐదు తరగతుల పిల్లలు మళ్ళీ బడి గడప తొక్కింది 2021 అక్టోబరు 25న. మధ్యలో విద్యాగమ పేరుతో ఉపాధ్యాయులు గుడి ఆవరణల్లో, చెట్ల కింద పాఠాలు చెప్పారు. అదీ కొన్ని నెలలు ఆగిపోయింది. మిగిలిన భారమంతా ఇంటి మీదే పడింది.

అప్పుడు మా మనుమడు మూడో తరగతి. బీకాం చదివాను, బ్యాంకులో ఏళ్ళ తరబడి లెక్కలు వేశాను, వీడికి తీసివేతలు చెప్పలేనా అనుకున్నాను. 52లోంచి 38 తీసివేయమంటే ప్రతిసారీ 26 అని వేసేవాడు. నాలుగోసారికి నా గొంతు లేచింది. వారం తిరిగేసరికి, పాఠం వేళ కాగానే వాడికి కడుపునొప్పి వచ్చేది. "మామయ్యా, మీరు వాడికి కథలు చెప్పండి చాలు, లెక్కలు నేను చూసుకుంటాను" అంది మా కోడలు. నాకు చిన్నతనంగా అనిపించింది. కానీ వంటపని, పొలం పని ముగించుకొని కూర్చున్న ఆమెకూ ఓపిక ఎక్కడిది? ఒకరోజు వాణ్ణి కొట్టి, ఆ రాత్రంతా తానే ఏడ్చింది.

బ్యాంకులో సాయంత్రం లెక్క కుదరకపోతే మేము ఎవరినీ తిట్టేవాళ్ళం కాదు. తేడా ఎంతో చూసేవాళ్ళం. 540 బదులు 450 రాస్తే తేడా 90. తేడా 9తో భాగింపబడితే అంకెలు తారుమారయ్యాయేమోనని ముందు వెతికేవాళ్ళం. తప్పుకు ఒక కారణం ఉంటుందని మాకు తెలుసు. ఆ బుద్ధి ఇంట్లో నాకు ఎందుకు లేకపోయింది?

మర్నాడు "ఎలా చేశావో చెప్పు నాన్నా" అని అడిగాను. 2లోంచి 8 పోదు కాబట్టి 8లోంచి 2 తీసేస్తున్నాడు, అంతే. నేను "ఒకట్లు, పదులు" అంటున్నాను. వాడి టీచరు నేర్పిన మాటలు "బిడి, హత్తు". వాడికి నా మాటే అర్థం కాలేదు! అగ్గిపుల్లలు పదేసి కట్టలు కట్టి, ఒక కట్ట విప్పి చూపిస్తే రెండు రోజుల్లో వచ్చేసింది.

తుంగభద్ర కాలువ నీళ్ళ వెంట సింధనూరు, మాన్వి వైపు వచ్చి క్యాంపుల్లో స్థిరపడిన మన కుటుంబాలలో ఇది అందరికీ ఉన్న ఇబ్బందే. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం లేదా ఇంగ్లీషు. "నాకే రాదు, వాడికేం చెప్పను" అని తల్లులు కుంగిపోతారు. అమ్మా, మీకు రావలసిన పని లేదు. పాఠం పైకి చదవమనండి, అందులో ఏముందో తెలుగులో మీకు చెప్పమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పగలిగితే వాడికి వచ్చినట్టే.

నేను నేర్చుకున్న మరికొన్ని విషయాలు చెబుతాను. చిన్నపిల్లలకు ఒకేసారి అరగంట మించి కూర్చోబెట్టకండి. గొంతు లేస్తోందని తోచగానే పుస్తకం మూసి, మంచినీళ్ళు తాగి రండి. పాఠం రేపైనా చెప్పవచ్చు, భయం మాత్రం త్వరగా పోదు. పక్కింటి పిల్లతో పోల్చకండి. నాన్నలు, తాతలు వారానికి రెండు రోజులైనా ఈ పని పంచుకోవాలి. నిజానికి మన కోపం సగం పిల్లవాడి మీద కాదు, వాడు వెనుకబడిపోతాడేమోనన్న మన భయం మీద.

కావాలని ఇంటి చదువునే ఎంచుకునే కుటుంబాలూ దేశంలో ఉన్నాయి. 14 ఏళ్ళు నిండినవారు జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పదో తరగతి పరీక్ష రాయవచ్చు. అయితే ఒక్క తల్లి ఒంటరిగా మోయగలిగిన బరువు కాదది. తోడు ఉంటేనే ఆ దారి పట్టండి.

నిద్ర పట్టక, ఊరికే ఏడుపు వస్తూ, పిల్లల మీద చెయ్యి లేస్తూ ఉంటే సిగ్గుపడకండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం ప్రారంభించిన టెలి మానస్ నంబరు 14416. ఖర్చు లేదు, రాత్రింబవళ్ళు పలుకుతారు, తెలుగులోనూ మాట్లాడవచ్చు.

చివరగా విద్యార్థులకు ఒక మాట. ఈ ఉపకార వేతనం మీ ఫీజులకు. దానికి బదులుగా మీ వీధిలో ఒక చిన్నపిల్లకు రోజూ అరగంట పాఠం చెప్పండి. ఆ అరగంట ఒక తల్లికి విశ్రాంతి.

మా మనుమడు ఇప్పుడు హైస్కూలు దాటే వయసులో ఉన్నాడు. లెక్కలు నన్ను అడగడు, నాకు రావు! కానీ పక్కన కూర్చొని చదువుకుంటాడు. నాకు అది చాలు.