నీతి, మారుమనస్సు, సమాధానం: బైబిలు మాటలు, మన హక్కులు

(చిట్కుల్‌లో జరిగిన స్త్రీల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



క్రైస్తవ నీతిబోధలోని ముఖ్యమైన మాటల గురించి చెప్పమని నన్ను అడిగారు. ఇక్కడ చర్చికి వెళ్లేవాళ్లూ ఉన్నారు, వెళ్లనివాళ్లూ ఉన్నారు. అయినా ఈ మాటలు మనందరికీ సంబంధించినవే. పటాన్‌చెరు చుట్టుపక్కల బస్తీల్లో చాలామంది స్త్రీలకు ఆదివారం కూడికే ఇంటి బయట దొరికే ఒకే ఒక్క చోటు. అక్కడ వాళ్లకు నీతి అంటే ఏమని చెబుతున్నారో, ఓర్పు అంటే ఏమని చెబుతున్నారో కార్యకర్తలుగా మనం తెలుసుకోవాలి.

మొదట నీతి. మన వాడుకలో నీతి అనగానే ఆడదాని నడవడి గుర్తుకొస్తుంది. ఎవరితో మాట్లాడింది, ఎప్పుడు ఇంటికొచ్చింది అన్న లెక్కలే నీతి అయిపోయాయి. బైబిలు పాత నిబంధనలో ఈ మాటకు హీబ్రూలో సెదాకా అని ఉంది. దాని పక్కనే తరచుగా మిష్పాత్, అంటే న్యాయం, అన్న మాట వస్తుంది. ఆమోసు, మీకా, యెషయా వంటి ప్రవక్తలు ఈ రెండింటినీ ముందుగా అడిగింది రాజులను, న్యాయాధిపతులను, దొంగ తూకాల వర్తకులను. విధవరాలికి, తండ్రి లేని బిడ్డకు, పరదేశికి, కూలివాడికి దక్కవలసింది దక్కిందా అన్నదే అక్కడ నీతికి కొలత.

యెహెజ్కేలు గ్రంథం 34వ అధ్యాయం చూడండి. బలిసిన గొర్రెలు తేటనీళ్లు తాగి, మిగిలిన నీళ్లను కాళ్లతో కలకబెడతాయి. బక్క గొర్రెలు ఆ మురికినీళ్లే తాగవలసి వస్తుంది. ప్రవక్త దీన్ని దేవుని తీర్పుకు వచ్చిన నేరంగా చెబుతాడు. మనకు దీనికి వ్యాఖ్యానం అక్కరలేదు. ఇస్కవాగు, నక్కవాగు, అవి కలిసే మంజీర మన కళ్లముందే ఉన్నాయి. ఇక్కడ 1994లో ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం పెట్టారు. ఆ కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని స్వీడన్ శాస్త్రవేత్తలు పరీక్షించి 2007లో ఫలితాలు ప్రచురించారు. సిప్రోఫ్లోక్సాసిన్ అనే యాంటీబయాటిక్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా ఉంది. ఆ మందు వేసుకున్న రోగి రక్తంలో ఉండేదానికన్నా ఇది ఎక్కువ. శుద్ధి చేశామన్న నీటి సంగతి ఇది. నీళ్లు తోడేది, బట్టలు ఉతికేది, పసిబిడ్డకు స్నానం చేయించేది ఎవరో మీకు తెలుసు.

రెండో మాట మారుమనస్సు. కన్నీళ్లు పెట్టుకోవడమే మారుమనస్సని చాలాచోట్ల బోధిస్తారు. లూకా సువార్త 19వ అధ్యాయంలో జక్కయ్య పన్ను వసూళ్లలో ధనవంతుడైన మనిషి. యేసు తన ఇంటికి వచ్చినప్పుడు అతను ఆస్తిలో సగం బీదలకు ఇస్తానంటాడు, అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగంతలు తిరిగి ఇస్తానంటాడు. ఆ తరువాతే ఆ ఇంటికి రక్షణ వచ్చిందన్న మాట వినిపిస్తుంది. దీని వేరు మోషే ధర్మశాస్త్రంలో ఉంది. నిర్గమకాండం 22లో, ఒకడు పెట్టిన మంట పొరుగువాడి పంటను కాలిస్తే మంట పెట్టినవాడే నష్టం కట్టాలి. ద్వితీయోపదేశకాండం 22లో, ఇల్లు కట్టేవాడు మిద్దెకు పిట్టగోడ కట్టాలి. కట్టక ఎవరైనా పడి చనిపోతే ఆ రక్తదోషం ఇంటివాడిది. 2025 జూన్ 30న పాశమైలారంలో ఒక మందుల కర్మాగారంలో జరిగిన పేలుడులో 40 మందికి పైగా చనిపోయారు. వారిలో చాలామంది పొట్టచేత పట్టుకుని ఇతర రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్లు. అలాంటి చావు జరిగిన ప్రతిచోటా పిట్టగోడ ఎవరు కట్టాలి, కట్టారా అని అడగడం భక్తికి విరుద్ధం కాదు. రాజస్థాన్‌లోని బిచ్రీ గ్రామంలో రసాయనాలు బావుల్ని పాడుచేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు చెప్పిందీ ఇదే, కాలుష్యం చేసినవారే మూల్యం చెల్లించాలని.

ఇక ఓర్పు. మనమీద ఎక్కువగా ప్రయోగించే మాట ఇదే. మొగుడు కొట్టినా ఓర్చుకో, కూలి ఎగ్గొట్టినా ఓర్చుకో. యాకోబు పత్రిక 5వ అధ్యాయంలో ఓర్పు గురించి చెప్పే ముందు, పొలం కోసినవాళ్ల కూలి బిగబట్టిన ధనవంతులను నిలదీసిన మాటలున్నాయి. ఆ మాటల్ని వదిలేసి ఓర్పు ఒక్కటే చదవకూడదు. అక్కడే ఓర్పుకు ఆదర్శంగా యోబును చూపిస్తారు. యోబు నోరు మూసుకున్న మనిషి కాదు. తన ఫిర్యాదు వినమని దేవుణ్ణే అధ్యాయాల తరబడి నిలదీశాడు. లూకా 18లోని విధవరాలు అన్యాయస్థుడైన న్యాయాధిపతి దగ్గరికి విసుగు లేకుండా తిరిగి చివరికి తీర్పు తెచ్చుకుంది. మన ప్రాంతం కాలుష్యంపై 1990లో సుప్రీంకోర్టులో వ్యాజ్యం పడింది. పటాన్‌చెరులో వైద్యం చేస్తూ డాక్టర్ కిషన్ రావు వంటివారు ఏళ్ల తరబడి దాని వెంట తిరిగారు. అది హైకోర్టుకు, తరువాత హరిత ట్రిబ్యునల్‌కు వెళ్లింది. బైబిలు చెప్పే ఓర్పు అలా వెంట తిరగడం.

నష్టపరిహారం దగ్గర మనం ఇంకో ప్రశ్న వేయాలి. ఎకరాల లెక్కన పరిహారం ఇస్తే, పట్టాలో పేరు లేని స్త్రీకి ఏమి దక్కుతుంది? సంఖ్యాకాండం 27లో సెలోపెహాదుకు కొడుకులు లేరు. మహలా, నోయా, హొగ్లా, మిల్కా, తిర్సా అనే అయిదుగురు కూతుళ్లు మోషే ఎదుట, పెద్దలందరి ఎదుట నిలబడి తండ్రి భూమి మాకివ్వండి అని అడిగారు. వాళ్లు అడిగింది న్యాయమని దేవుడే చెప్పాడు. అయితే 36వ అధ్యాయంలో వాళ్ల వంశపు పెద్దలు వచ్చి, ఆ కూతుళ్లు తమ గోత్రంలోనే పెళ్లాడాలని షరతు తెచ్చారు. దీన్ని దాచకుండా చెప్పాలి. హక్కు ఇచ్చిన చేతితోనే కళ్లెం వేయడం ఆ గ్రంథంలోనూ ఉంది. స్త్రీలు లోబడాలన్న వాక్యాలూ ఉన్నాయి. మన దేశంలో 1869 నాటి విడాకుల చట్టం క్రైస్తవ భర్తకు వ్యభిచారం ఒక్కటే చాలంది. భార్య మాత్రం దానికి తోడు క్రూరత్వం వంటి మరో కారణం చూపాలంది. 2001లో సవరించేదాకా ఆ తేడా పోలేదు. అదీ స్త్రీల ఒత్తిడి వల్లే.

చివరి మాట సమాధానం. తెలుగు బైబిలులో షాలోమ్ అన్న హీబ్రూ మాటకు సమాధానం అని రాశారు. అంటే శాంతి, ఆరోగ్యం, ఏ లోటూ లేని బతుకు. మన వాడుకలో సమాధానం అంటే జవాబు. ఈ రెండర్థాలూ మనకు కావాలి. జవాబు రానిచోట శాంతి ఉందనడాన్ని యిర్మీయా ప్రవక్త అబద్ధమన్నాడు.

కనుక కార్యకర్తలకు నా మనవి. చర్చిలో స్త్రీల కూడికకు వెళ్లండి. యెహెజ్కేలు 34, సంఖ్యాకాండం 27, లూకా 18 వాళ్ల చేతనే చదివించండి. చదివాక మన నీళ్లు ఎవరు కలకబెట్టారు, పట్టా ఎవరి పేర ఉంది, కూలి ఎంత బాకీ ఉంది అని అడగండి. వచ్చిన జవాబులు రాయించి, సంతకాలు, వేలిముద్రలు తీసుకుని కాలుష్య నియంత్రణ మండలికి, తహసీల్దారుకు, కార్మిక శాఖకు పంపండి. రసీదు తీసుకోవడం మరవకండి.