విశ్వాసం సొంతం కావాలి
(అమ్రాబాద్‌లో జరిగిన యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఒక మాట ముందే చెబుతాను. హాస్టల్లో నేను వార్డెన్‌ని. అక్కడ అన్ని విశ్వాసాల పిల్లలూ నా పిల్లలే. అక్కడ ఏ మతబోధా చేయను. ఇక్కడ మాత్రం క్రైస్తవ యువత కోసం మాట్లాడమని పెద్దలు అడిగారు కాబట్టి, ఒక విశ్వాసిగా, మీ అక్కగా నాలుగు మాటలు చెబుతాను. మిగతా పిల్లలు కూర్చుని విన్నా సంతోషమే.

మన పిల్లలు పదో తరగతి దాకా అమ్మ వెంట చర్చికి వస్తారు. తర్వాత చదువుకో, పనికో హైదరాబాద్ పోతారు. ఆరు నెలలు తిరిగేసరికి బైబిల్ పెట్టె అడుగుకు పోతుంది, ప్రార్థన ఆగిపోతుంది. వాళ్లు చెడ్డవాళ్లయ్యారని కాదు. అంతకాలం వాళ్లను నడిపింది అమ్మ విశ్వాసం, చర్చి గంట. ఒంటరితనం వచ్చినప్పుడు, పరీక్ష తప్పినప్పుడు, దోస్తులు సీసా చేతికిచ్చినప్పుడు పట్టుకోవడానికి తమదంటూ లోపల ఏమీ ఉండదు. ఆ రోజు కోసమే ఇప్పుడు సిద్ధపడాలి.

తిమోతి విశ్వాసం మొదట అతని అవ్వ లోయిలో, తల్లి యునీకేలో ఉండేదని పౌలు గుర్తుచేస్తాడు. వెంటనే, నీలో ఉన్న వరాన్ని నువ్వే రాజేసుకోవాలని కూడా అంటాడు. పొయ్యిలో నిప్పు అవ్వ పెట్టి ఇస్తుంది. కట్టెలు మనం వేసుకోవాలి.

మన ప్రాంతంలో ముందుతరం ఈ పని చేసింది. మెన్నొనైట్ బ్రదరెన్ మిషనరీలు అమెరికా నుంచి 1899లో హైదరాబాద్ సంస్థానానికి వచ్చారు. ఆ తర్వాతి దశాబ్దాల్లో నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వంటి చోట్ల వాళ్ల కేంద్రాలు నడిచాయి. కానీ ఊరూరా తిరిగి ఇళ్లలో కూర్చుని చెప్పింది ఎక్కువగా మన తెలుగు బోధకులు, బైబిలు స్త్రీలు. విన్నవాళ్లలో చాలామందికి అక్షరం రాదు. విని, కంఠస్థం చేసి, పాడుకుని నేర్చుకున్నారు. పురుషోత్తమ చౌదరి (1803–1890) వంటి కవులు కట్టిన కీర్తనలే వాళ్లకు పాఠ్యపుస్తకాలు. ఇప్పుడు మీకు చదువు ఉంది, ఫోన్‌లోనే బైబిల్ ఉంది. మరి వాళ్లకంటే మనం ఎంత లోతుకు పోయాం?

మొదటి సాధన వాక్యం. తెలుగు కొత్త నిబంధన 1818లోనే సేరంపూర్‌లో అచ్చయింది. మీరు మార్కు సువార్తతో మొదలుపెట్టండి. 16 అధ్యాయాలు, రోజుకొకటి. సామెతల గ్రంథంలో 31 అధ్యాయాలు, నెలకు సరిపోతాయి. టీచర్ ట్రైనింగ్‌లో మాకు చెప్పేవారు, విన్న పాఠం జారిపోతుంది, చేసిన పాఠం నిలుస్తుందని. కాబట్టి చదివాక నోటుబుక్కులో మూడు ముక్కలు రాయండి: ఇక్కడ దేవుని గురించి ఏం తెలిసింది? నా గురించి ఏం తెలిసింది? ఈరోజు నేను చేయాల్సిన ఒక్క పని ఏది? రోజంతా ఏం చదివామని కాదు, ఆ ఒక్క పని చేశామా అని రాత్రి చూసుకోండి.

రెండోది ప్రార్థన. యేసు చీకటితోనే లేచి ఒంటరి చోటికి పోయి ప్రార్థించేవాడు. దానియేలు పరదేశంలో రోజుకు మూడుసార్లు మోకాళ్లూనేవాడు. హాస్టల్లో ఒంటరి చోటు ఎక్కడ మేడమ్ అంటారా? 17వ శతాబ్దంలో పారిస్‌లో బ్రదర్ లారెన్స్ అనే ఆయన మఠం వంటింట్లో పనిచేస్తూ, గిన్నెల చప్పుడు మధ్యనే దేవుని సన్నిధిని సాధన చేశాడు. బస్సులో కిటికీ పక్కన కూడా కుదురుతుంది. పాస్టరు గారి మాటలు అరువు తెచ్చుకోనక్కర్లేదు. మీ ఇంటి మాటల్లో, లంబాడీలో అయినా సరే, చెప్పుకోండి. ఏడుపు వస్తే ఏడవండి, కీర్తనల గ్రంథం నిండా అలాంటి మొరలే ఉన్నాయి. మనసు బరువై వారాల తరబడి నిద్ర పట్టకపోతే ప్రార్థనతో పాటు డాక్టరు దగ్గరికీ పోవాలి. మందు వేసుకోవడం అవిశ్వాసం కాదు.

మూడోది తోడు. నల్లమలలో మన చెంచు పెద్దలు తేనె తీసే తీరు మీకు తెలుసు. బండ అంచు నుంచి తాడు మీద కిందికి దిగేవాడు ఎంత నేర్పరి అయినా, పైన తాడు ఎవరు పట్టుకున్నారన్నదే ప్రాణం. అందుకే బావమరిది చేతికి ఇస్తారు. తన అక్క, చెల్లె బతుకు చెడనివ్వడని నమ్మకం. మీ తాడు ఎవరి చేతిలో ఉంది? మీరు జారుతుంటే ముఖం మీదే చెప్పే ఒకరిని, మీ రహస్యం దాచి మీ కోసం ప్రార్థించే ఒకరిని ఎంచుకోండి. వారానికి ఒక్కసారైనా ఫోన్ చేసి, ఈ వారం ఎలా ఉన్నావని అడగమనండి. మీరూ ఇంకొకరి తాడు పట్టండి.

ఇప్పుడు చాలామంది అడగడానికి జంకే మాట. క్రైస్తవుడినైతే నేను మా జాతికి దూరమవుతానా? కావు. 1950 నాటి షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వు తెగను చూస్తుంది, మతాన్ని షరతుగా పెట్టలేదు. మనస్సాక్షి స్వేచ్ఛ రాజ్యాంగం 25వ అధికరణం ఇచ్చింది. అంతకంటే పెద్ద సంగతి మన నడవడి. మీ తాత సలేశ్వరం జాతరకు పోతాడు. ఆయన్ని వెక్కిరిస్తే అది భక్తి కాదు, పొగరు. తల్లిదండ్రులను గౌరవించమన్నది పది ఆజ్ఞల్లోనే ఉంది. అవ్వ దగ్గర చెట్టు పేరు, మందాకు పేరు, పాట, మాట నేర్చుకోండి. అడవి గురించి ఆమెకు తెలిసినంత మన పుస్తకాల్లో లేదు. ఎవరినీ బలవంతపెట్టకండి, ఎవరి బలవంతానికీ లొంగకండి.

చివరిగా, ఎదిగామో లేదో ఎలా తెలుస్తుంది? ఎన్ని కూటాలకు పోయామో లెక్కపెడితే తెలియదు. పౌలు గలతీయులకు రాసిన పత్రికలో ఆత్మ ఫలమంటే ప్రేమ, ఓర్పు, దయ, ఆశానిగ్రహం వంటివని చెబుతాడు. అవి కనబడేది ఇంట్లోనే. ఇంటికి పోయినప్పుడు అమ్మ మోసే నీళ్ల బిందె మీరు అందుకున్నారా? తాగొచ్చిన నాయన మీద చెయ్యెత్తకుండా, ఆయన మత్తు దిగాక కూర్చుని మాట్లాడగలిగారా? చిన్న తరగతి పిల్లవాడికి లెక్కలు చెప్పారా? ఇప్పచెట్టు ఏడాదిలో పూయదు. మీరూ తొందరపడకండి, కానీ ఆగిపోకండి. రేపు పొద్దున మార్కు మొదటి అధ్యాయం చదవండి. తాడు పట్టమని ఒకరిని ఈ సాయంత్రమే, ఈ మైదానం దాటకముందే అడగండి.