గెలుపును కొలిచే తీరు



ఈ స్మారకోపన్యాసానికి కార్ల రేసుల చరిత్రను ఎంచుకున్నాను. కోట్లు కుమ్మరించే కంపెనీల రేసులు కావివి. ఇంటి షెడ్డులో పాత కారు విప్పి బిగించుకుని, సెలవురోజుల్లో ట్రాక్ మీద గంటల తరబడి నడిపే మామూలు మనుషుల ఎండ్యూరెన్స్ రేసులు. గంటల తరబడి నడపాలంటే టైర్లు, పెట్రోలు, విడిభాగాలు కావాలి, అన్నిటికీ డబ్బు కావాలి. ప్రతిసారీ డబ్బున్నవాడే గెలుస్తుంటే మిగతావాళ్లు మరుసటి ఏడు రారు. ఈ చిక్కు విప్పడానికి కొందరు గెలుపును కొలిచే పద్ధతినే మార్చి చూశారు. వాళ్ల గురించే నేను చెప్పదలచింది.

1923 మే 26, 27 తేదీల్లో ఫ్రాన్సులోని ల మాన్‌లో మొదటి 24 గంటల రేసు జరిగింది. 33 కార్లు బయలుదేరాయి. లగాష్, లెయొనార్ నడిపిన షెనార్-వాల్కర్ కారు అందరికంటే ఎక్కువ దూరం వెళ్లింది. కానీ నిర్వాహకులు పెట్టిన కప్పు దూరానికి కాదు. ఇంజను పరిమాణాన్ని బట్టి ఒక్కో కారుకూ ఇంత దూరమని ముందే నిర్ణయించి, అది దాటినవాళ్లను తర్వాతి పోటీకి అర్హులన్నారు. అంటే చిన్న కారు పోటీ పెద్ద కారుతో కాదు, తన సత్తాతోనే. జనానికి మాత్రం ఈ లెక్క ఎక్కలేదు. ముందున్న కారే గెలిచిందని కళ్లు చెబుతుంటే కాగితం మీది గుణకారాలు ఎవరికి కావాలి? కాలక్రమంలో దూరానిదే పైచేయి అయింది.

ఆ ఆలోచన ఇంగ్లండులో, పేదవాళ్ల చేతుల్లో మళ్లీ చిగురించింది. చవకైన ఆస్టిన్ సెవెన్ కార్ల అభిమానుల కోసం 1939లో పుట్టిన 750 మోటార్ క్లబ్ 1951లో సిల్వర్‌స్టోన్‌లో ఆరు గంటల రిలే రేసు పెట్టింది. తర్వాత దానికి హాలండ్ బర్కెట్ పేరు పెట్టారు. నాకు అన్నిటికంటే ప్రియమైన పద్ధతి ఇదే. ఒక టీములో ఆరు కార్ల దాకా ఉంటాయి, ట్రాక్ మీద మాత్రం ఒక సమయంలో ఒక్కటే తిరుగుతుంది. ఆ కారు పిట్‌లోకి వచ్చి ఆగగానే డ్రైవరు ఒంటిమీది పట్టీ తీసి, ఇంజను నడుస్తున్న మరో కారులోని మిత్రుడికి అందించేవాడు. పట్టీ మారితేనే ఆ కారు కదలాలి. ఒకరి గేర్‌బాక్స్ మొరాయించినా టీము ఆగదు. మెల్లగా నడిచే టీములకు కొన్ని ల్యాపులు ముందే కలిపి ఇస్తారు. ఆరు గంటలు తట్టుకునే కారు ఎవరి దగ్గరా లేకపోయినా ఆరు గంటల రేసు జరిగిపోతుంది!

ఆ రిలే జరిగిన సిల్వర్‌స్టోన్ ట్రాక్ ఒకప్పుడు యుద్ధకాలపు విమానాశ్రయం. మద్రాసు నుంచి నెల్లూరు వచ్చే దారిలో ఉన్న షోలవరమూ అలాంటిదే. మన దేశంలో రేసింగుకు ఊపిరి పోసింది ఆ రన్‌వేనే.

డబ్బు చిక్కుకు మరో విరుగుడూ ఇంగ్లండులోనే దొరికింది. 1973లో ససెక్స్‌లోని విస్‌బరో గ్రీన్‌లో కొందరు మిత్రులు గడ్డి కోసే యంత్రాలతో రేసులు మొదలుపెట్టారు. స్పాన్సర్లు వద్దు, నగదు బహుమతులు వద్దు అని కట్టుబాటు పెట్టుకున్నారు. కొన్నేళ్లకే అది పన్నెండు గంటల రేసుగా ఎదిగింది.

తర్వాతి మలుపు అమెరికాది. 2006లో కాలిఫోర్నియాలోని ఆల్టమాంట్‌లో జే లామ్ అనే పాత్రికేయుడు లెమన్స్ రేసు మొదలుపెట్టాడు. కారు ఖరీదు 500 డాలర్లు మించకూడదు. రోల్ కేజ్, సీటు, బ్రేకుల వంటి భద్రతా సామగ్రి ఆ లెక్కలోకి రాదు. ప్రాణం దగ్గర పొదుపు ఉండకూడదని ఆయనకు తెలుసు. రేసుకు ముందు న్యాయనిర్ణేతలు బానెట్ ఎత్తి, కారు కిందికి వంగి చూస్తారు. కొత్తగా మెరిసే షాక్ అబ్జార్బర్ కనిపిస్తే, ఇది ఎక్కడిదని అడుగుతారు. జవాబు నచ్చకపోతే ల్యాపులు కోసేస్తారు. అన్నిటికంటే పెద్ద గౌరవం మొదట వచ్చిన కారుకు కాదు, నడుస్తుందని ఎవరూ అనుకోని బండితో ఊహించనంత దూరం వెళ్లినవాళ్లకు. ల మాన్‌లో 1923లో జనం పట్టించుకోని లెక్కను ఇక్కడి జనం చప్పట్లు కొట్టి ఆదరించారు.

2009లో వచ్చిన చంప్‌కార్ అనే రేసుల సిరీస్ కాలక్రమంలో మనిషి తీర్పుకు బదులు పట్టిక తెచ్చింది. ఒక్కో మోడలుకు ఇన్ని పాయింట్లు, పరిమితి 500, మించితే ల్యాపుల్లో కోత. ఇది న్యాయంగా కనిపిస్తుంది. కానీ పట్టిక ఉన్నచోట దాన్ని చదివి, తక్కువ పాయింట్లకు ఎక్కువ వేగమిచ్చే కారును పట్టుకునేవాళ్లు ఉంటారు. అనుభవమున్న మెకానిక్ కన్నును అలా బోల్తా కొట్టించడం కష్టం. అందుకే నా ఓటు లెమన్స్ పద్ధతికే.

మన దగ్గర పాత మారుతి 800లకు కొదవలేదు. 1990 నుంచి మద్రాసు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాక్ ఉంది. ఆరు కార్లు, ఒక పట్టీ, పెట్రోలు పోసేటప్పుడు ఇంజను ఆపి డ్రైవరు కిందికి దిగాలన్న నియమం, పక్కనే మంటలార్పే సిలిండర్ పట్టుకుని ఒక మనిషి. వీటితో బర్కెట్ పద్ధతిలో రిలే రేసు మొదలుపెట్టవచ్చు. ఏ టీముకు ఎన్ని ల్యాపులు కలిపి ఇవ్వాలో లెక్క కట్టే పని ఈ సభలో ఉన్న ఆటోమొబైల్ విద్యార్థులు తీసుకోవాలని, కార్లను వంగి చూసే పని మన మెకానిక్ మిత్రులకు అప్పగించాలని కోరుతున్నాను.